పులుసు అందరికీ, ముక్క ఎవరికి?

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో పోషకాహారం అంశం మీద ఒక గ్రామ సంఘం లీడర్ చేసిన ప్రసంగం)

 

పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి వాయిదాల గురించి నాకన్నా ముందు మాట్లాడిన అక్కలు బాగా చెప్పారు. నాకు ఇచ్చిన అంశం పోషకాహారం. పోషకాహారం అనగానే మనకు విసుగు వస్తుంది. ఎందుకంటే ఆకుకూరలు తినండి, పాలు తాగండి, గుడ్లు తినండి అని ప్రతి మీటింగులో చెప్తారు, మనం తల ఊపి ఇంటికి పోతాం. అందుకే నేను ఈ రోజు ఒక్క పదార్థం గురించే చెప్దామని వచ్చాను. అది చేప. చేప మన ఇళ్ళలో వండుతూనే ఉన్నాం కదా, కొత్తగా చెప్పేదేముంది అంటారేమో. వండుతున్నాం, నిజమే. తింటున్నది ఎవరు అన్నదే నా ప్రశ్న.

ముందు మన పరిస్థితి ఏంటో చూద్దాం. 2019-21 లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో వందకు 59 మందికి దాదాపుగా రక్తహీనత ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో వందకు 63 మందికి ఉంది. ఐదేళ్ళ లోపు పిల్లల్లో వందకు 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంటే ఈ హాల్లో కూర్చున్న మనలో సగం మందికి పైగా రక్తం తక్కువ మనుషులమే అన్నమాట. మెట్లెక్కితే ఆయాసం, మిరప కోతల్లో మధ్యాహ్నానికి కళ్ళు తిరగడం, పత్తి తీసి వచ్చాక కాళ్ళు లాగడం, ఇవన్నీ పని ఎక్కువై వచ్చాయి అనుకుంటాం. పని ఎక్కువే. కానీ పనికి తగ్గ తిండి లేకపోవడం కూడా ఉంది.

ఇప్పుడు మాంసకృత్తుల సంగతి చెప్తాను. వీటినే ప్రొటీన్లు అంటాం. మన కండ, చర్మం, జుట్టు, రక్తంలో ఉండే హిమోగ్లోబిన్, కడుపులో పెరిగే బిడ్డ, గాయం మానడం, రోగంతో పోరాడే శక్తి, అన్నిటికీ ఇవే ముడిసరుకు. మనకు రోజుకు ఎంత కావాలి? హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918 లో తమిళనాడు కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు చిన్నగా మొదలై, 1958 లో హైదరాబాద్ వచ్చిన సంస్థ అది. వాళ్ళు 2020 లో చెప్పిన లెక్క ప్రకారం శరీరం బరువులో ప్రతి కిలోకు 0.83 గ్రాములు కావాలి. 55 కిలోల ఆడమనిషికి రోజుకు సుమారు 46 గ్రాములు. గర్భిణికి నాలుగో నెల నుంచి ఇంకో తొమ్మిదిన్నర గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు అదనంగా కావాలి. బాలింతకు మొదటి ఆరు నెలలు 17 గ్రాములు అదనం. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, దీని మీదే మిగతా మాటలన్నీ నిలబడతాయి.

మనం కష్టం చేసేవాళ్ళం, అన్నం గట్టిగా తింటాం. రోజుకు 400 గ్రాముల బియ్యం తింటే అందులోనే దాదాపు 30 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. కాస్త పప్పు, కాస్త మజ్జిగ కలిపితే 40 దాటుతుంది. మరి లెక్క దాదాపు సరిపోయింది కదా, ఇంకా లోటు ఎక్కడిది? అక్కడే అసలు కిటుకు ఉంది. లోటు కొలతలో కన్నా రకంలో ఎక్కువ ఉంది.

మాంసకృత్తులు ఒకే ముద్ద కాదు. అమైనో ఆమ్లాలు అనే చిన్న చిన్న ముక్కలు గొలుసులా కలిస్తే మాంసకృత్తు అవుతుంది. మొత్తం 20 రకాలు. వాటిలో 11 మన శరీరం తనే తయారు చేసుకోగలదు. మిగతా 9 తయారు చేసుకోలేదు, తిండిలోనే రావాలి. లైసిన్, మిథియోనిన్, ట్రిప్టోఫాన్, థ్రియోనిన్, లూసిన్, ఐసోలూసిన్, వాలిన్, ఫినైల్ అలనిన్, హిస్టిడిన్ అని వాటి పేర్లు. పేర్లు గుర్తు పెట్టుకోనక్కర్లేదు. తొమ్మిది అని గుర్తు పెట్టుకుంటే చాలు.

మనకు తెలిసిన పద్ధతిలో చెప్తాను. సంఘానికి లోన్ కావాలంటే తీర్మానం రాస్తాం, అందరి సంతకాలూ పడాలి. తొమ్మిది మంది సంతకం పెట్టాల్సిన చోట ఎనిమిది మంది పెట్టి, ఒక అక్క ఊరెళ్ళిందనుకోండి. ఎనిమిది సంతకాలున్నాయి కదా అని బ్యాంకు మేనేజరు డబ్బులిస్తాడా? ఇవ్వడు. ఆ తొమ్మిదో సంతకం కోసం ఫైలు ఆగిపోతుంది. శరీరం కూడా అంతే. తొమ్మిదిలో ఏ ఒక్కటి తక్కువైనా, మిగతా ఎనిమిది ఎంత ఉన్నా కొత్త కండ, కొత్త రక్తం తయారీ ఆ తక్కువైన దాని దగ్గరే ఆగుతుంది. మిగిలినవి మామూలు కట్టెల్లా కాలిపోతాయి.

మన అన్నంలో ఆ సంతకం పెట్టని అక్క పేరు లైసిన్. బియ్యంలో ఉన్న మాంసకృత్తుల్లో వంద గ్రాములకు లైసిన్ సుమారు మూడున్నర గ్రాములే ఉంటుంది. పెద్దవాళ్ళకు నాలుగున్నర గ్రాములైనా ఉండాలి. చేప మాంసకృత్తుల్లో ఎనిమిది, తొమ్మిది గ్రాములు ఉంటుంది. ఇంకోలా లెక్క వేస్తాను. 55 కిలోల మనిషికి రోజుకు లైసిన్ 1.65 గ్రాములు కావాలి. 400 గ్రాముల బియ్యం నుంచి వచ్చేది 1.1 గ్రాముల దాకా. ముల్లు తీసేసిన 60 గ్రాముల చేప ముక్క ఒక్కటి వేసుకుంటే ఇంకో 0.9 గ్రాములు వస్తుంది. అంటే ఒకే ఒక్క ముక్కతో ఆ రోజు లోటు పూడింది. చేప ముక్క తన పది గ్రాముల మాంసకృత్తులు ఇవ్వడమే కాదు, పళ్ళెంలో ఉన్న అన్నాన్ని కూడా పనికొచ్చేలా చేస్తుంది. చేప గొప్పతనం నాకు ఇక్కడే కనపడింది.

మన సంఘాల్లో చేప తినని అక్కలు ఉన్నారు. వాళ్ళు చిన్నబుచ్చుకోవద్దు. పప్పుల్లో కూడా లైసిన్ బాగా ఉంటుంది. పప్పులో తక్కువగా ఉండేది మిథియోనిన్. అది బియ్యంలో ఉంటుంది. అందుకే పప్పన్నం అనేది మన పెద్దవాళ్ళు తెలిసో తెలియకో పెట్టిన మంచి జత. కాకపోతే మన ఇళ్ళలో పప్పు నీళ్ళలా కాస్తాం. నలుగురికి ఒక గుప్పెడు పప్పు, చెంబుడు నీళ్ళు. అది పప్పు కాదు, పప్పుచారు. శాకాహారులు ఒక్కొక్కరికి పూటకు గుప్పెడు పప్పు పడేలా వండుకుని, పాలో పెరుగో కలుపుకుంటే తొమ్మిది సంతకాలూ పడతాయి. చేపలో, గుడ్డులో ఆ తొమ్మిదీ ఒకే చోట సరిపడా ఉంటాయి, సులువుగా అరుగుతాయి. తేడా అంతే.

ఇప్పుడు డబ్బు లెక్క. మనం సంఘం వాళ్ళం, లెక్క చూడకుండా ఏదీ ఒప్పుకోం. శీలావతి కిలో 200 రూపాయలు అనుకుందాం. పొలుసు, పేగులు, ముల్లు పోగా తినేది 600 గ్రాములు. అందులో మాంసకృత్తులు సుమారు 100 గ్రాములు. అంటే గ్రాము రెండు రూపాయలు. గుడ్డు ఏడు రూపాయలు అనుకుంటే ఆరు గ్రాములు వస్తాయి, గ్రాము రూపాయి పావలా లోపే. కందిపప్పు కిలో 150 అనుకుంటే 220 గ్రాములు, గ్రాము 70 పైసలు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను, చేప అన్నిటికన్నా చవక కాదు. రోజూ చేప తినమని నేను చెప్పడం లేదు. కడుపు నిండా మాంసకృత్తులకు పప్పు ఉంది, చవకలో పూర్తి మాంసకృత్తులకు గుడ్డు ఉంది. మరి చేప ఎందుకు? మూడు కారణాలు చెప్తాను.

ఒకటి, చేపలో మాంసకృత్తులతో పాటు వచ్చేవి. బి12 విటమిన్ మొక్కల్లో ఉండదు, చేపలో, గుడ్డులో, పాలలో ఉంటుంది. అది తక్కువైతే తిమ్మిర్లు, నీరసం, ఒక రకం రక్తహీనత వస్తాయి. ఒమేగా-3 అనే కొవ్వు కడుపులో బిడ్డ మెదడుకు, కంటికి అవసరం, ముఖ్యంగా సముద్రం చేపల్లో, కవళ్ళు, కానాగంతల్లో ఎక్కువ ఉంటుంది. ఇంకో మంచి గుణం, చేపగానీ మాంసంగానీ ఆకుకూరతో కలిపి తింటే ఆ కూరలోని ఇనుము మనకు ఎక్కువగా ఒంటబడుతుంది. మన అమ్మమ్మలు చింతచిగురులో ఎండు రొయ్యలు వేసింది, గోంగూరలో రొయ్యలు వేసింది రుచికే కావచ్చు గానీ, రక్తానికి కూడా అది మంచి జత. అన్నం తిన్న వెంటనే టీ తాగితే మాత్రం ఆ ఇనుము పోగొట్టుకున్నట్టే. కనీసం గంట ఆగండి.

రెండు, చిన్న చేపలు. మనం కిలో, రెండు కిలోల బొచ్చె అంటే మోజు పడతాం. కాలవల్లో, చెరువుల్లో దొరికే పరిగెలు, చిన్న చిన్న చేపలు చూసి ఇవేం చేపలు, ముళ్ళు తప్ప ఏముంది అంటాం. ఆ ముల్లే కాల్షియం. తల, కన్ను, ముల్లుతో సహా నమిలి తినే చేప ఏదైనా పాలకు పోటీ వస్తుంది. శకుంతల థిల్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త ఉన్నారు. మన దేశం నుంచి వలస పోయిన కుటుంబంలో ట్రినిడాడ్‌లో పుట్టారు. ఆమె బంగ్లాదేశ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, అక్కడి బీదవాళ్ళు తినే మోలా అనే వేలెడంత చేపలో ఎ విటమిన్, కాల్షియం, ఇనుము, జింకు ఎంత ఉన్నాయో తేల్చారు. అంతకు ముందు చెరువుల్లో ఆ చిన్న చేపను కలుపు మొక్కలా చూసి చంపేసేవాళ్ళు. పెద్ద చేపలతో పాటే దాన్నీ పెంచొచ్చు, పెద్దది అమ్ముకోండి, చిన్నది ఇంట్లో తినండి అని ఆమె చెప్పారు. దానికి 2021 లో ఆమెకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. పెద్దది అమ్ముకోవడానికి, చిన్నది తినడానికి. ఈ మాట మన చెరువులకూ సరిపోతుంది.

మూడు, చేప మన దగ్గరే ఉంది. మనది పాత కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతం, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. మెట్ట అన్న మాటే గానీ మనకు మున్నేరు ఉంది, పాలేరు ఉంది, వైరా ఉంది, కట్టలేరు ఉంది. ముక్త్యాల, వేదాద్రి పక్కన కృష్ణమ్మే ఉంది. ఎగువన 45 టీఎంసీల పులిచింతల ఉంది. సాగర్ ఎడమ కాలవ నీళ్ళు నిండే చెరువులు ఉన్నాయి. దేశంలో చేపల ఉత్పత్తిలో మన ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. కైకలూరు, కొల్లేరు వైపు పెంచిన చేపలు బెంగాలు దాకా, అస్సాం దాకా పోతున్నాయి. హైదరాబాద్ పోయే చేపల లారీలు మన చిల్లకల్లు, నందిగామ మీదుగా హైవే వెంట మన ముందు నుంచే నీళ్ళు కార్చుకుంటూ పోతాయి. చేప మన గడప ముందు నుంచి పోతోంది, మన ఆడపిల్ల పళ్ళెంలోకి మాత్రం రావడం లేదు.

ఇంత చేప ఎలా వచ్చిందో కూడా ఒక మాట చెప్పాలి. పూర్వం శీలావతి, బొచ్చె, మోసు చెరువుల్లో గుడ్లు పెట్టేవి కావు. వరదల్లో ఏటి దగ్గర పిల్లను పట్టుకొచ్చి చెరువులో వదిలేవాళ్ళు. 1957 జులై 10 న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త బృందం, చేప తలలోని ఒక గ్రంథి రసాన్ని ఇంకో చేపకు ఇంజెక్షన్ చేసి గుడ్లు పెట్టించారు. అప్పటి నుంచి చేపపిల్లలు హేచరీల్లో తయారవుతున్నాయి. అందుకే జులై 10 ని జాతీయ మత్స్య రైతుల దినం అని జరుపుతున్నారు. వాళ్ళ కష్టం వల్ల చేప ఊరూరికీ వచ్చింది. వంటింటి గడప దాటించి మన నోట్లోకి తేవాల్సింది మాత్రం మనమే.

ఇప్పుడు అసలు మాట. మా సంఘంలో ఒక మీటింగులో పొదుపు కట్టాక నేను ఒక ప్రశ్న అడిగాను. మొన్న ఆదివారం ఎవరెవరి ఇంట్లో చేపల కూర వండారు, మీకు ఎన్ని ముక్కలు వచ్చాయి అని. చాలా మంది వండామన్నారు. ముక్కల దగ్గరకు వచ్చేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక అత్త "తోక ముక్క తిన్నానే" అంది. ఒక అక్క "గిన్నెలో పులుసు కలుపుకున్నా, బాగానే ఉంది" అంది. ఒక చెల్లెలు "నడిమి ముక్కలు ఆయనకు, మామయ్యకు, బాబుకు వేశా. పాపకు ముల్లు గుచ్చుకుంటదని పులుసే పోశా" అంది. బాబు గొంతులో గుచ్చుకోని ముల్లు పాప గొంతులో ఎందుకు గుచ్చుకుంటుందమ్మా అన్నాను. అందరూ నవ్వారు. నవ్వి, తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అక్కలారా, పులుసులో రుచి దిగుతుంది, ఉప్పు దిగుతుంది, చింతపండు ఉంటుంది, నూనె తేలుతుంది. మాంసకృత్తులు ముక్కలోనే ఉంటాయి. ఎంత సేపు ఉడికించినా అవి పులుసులోకి వచ్చేది కాస్తే. పులుసు అన్నం తిన్న మనిషి చేప తిన్నట్టు కాదు. ఈ ఒక్క మాట మీరు ఇంటికి తీసుకెళ్తే నేను మాట్లాడినందుకు ఫలితం ఉన్నట్టే.

మా సంఘంలో ఒక వదిన చేపలు అమ్ముతుంది. తెల్లవారుజామున పోయి సరుకు తెచ్చుకుని, తట్టలో పెట్టుకుని మూడు ఊళ్ళు తిరుగుతుంది. నలుగురి ఇళ్ళలో చేపలు కోసి ఇస్తుంది. పోయిన ఏడాది ఎండల్లో కళ్ళు తిరిగి పడిపోతే రక్త పరీక్ష చేశారు. హిమోగ్లోబిన్ 7 గ్రాములు. ఆడవాళ్ళకు 12 ఉండాలి. ఆమెను అడిగితే "అమ్ముడుపోకపోతే ఇంటికి తెస్తా, అందులో మంచి ముక్కలు పిల్లలు తింటారు. డబ్బులొచ్చే సరుకు నేనెట్టా తింటానే" అంది. చేపలు అమ్మే మనిషికే చేప ముక్క లేదు. మందులు వాడింది, ఐరన్ మాత్రలు వేసుకుంది, ఆ రెండు నెలలు బేరానికి పోలేదు. సంఘంలో తీసుకున్న అప్పు మూడు వాయిదాలు ఆగింది. మేమే సర్దుకున్నాం. పోషకాహారానికీ మన సంఘం లెక్కలకూ సంబంధం ఏంటి అని కొందరు అడుగుతుంటారు. సంబంధం ఇదే. మనిషి పడితే వాయిదా పడుతుంది. ఆ ఆస్పత్రి ఖర్చులో పదో వంతు పెట్టి ఉంటే ఆమె ఏడాది పొడుగునా వారానికి రెండు ముక్కలు తిని ఉండేది. రక్తం తగ్గడానికి తిండి ఒక్కటే కారణం కాదు, ఐరన్ మాత్రలకు చేప బదులు కాదు. రెండూ కావాలి.

బాలింతల గురించి కూడా చెప్పాలి. మన వైపు బాలింతకు పథ్యం పేరుతో కారప్పొడి, వెల్లుల్లి, ఎండిన అన్నం పెట్టి నెల గడిపేస్తాం. ఆపరేషన్ అయితే మరీ. చేప పెడితే కుట్లు చీము పడతాయంటాం. నిజానికి కుట్టు మానాలంటే కొత్త చర్మం, కొత్త కండ తయారవ్వాలి. అది దేనితో తయారవుతుంది? మాంసకృత్తులతోనే. చీము పట్టేది శుభ్రత లేక, చేప తిన్నందుకు కాదు. మళ్ళీ సముద్రం ఒడ్డు ఊళ్ళలో చూడండి, పాలు పడతాయని బాలింతకు ప్రత్యేకంగా చేపలు పెడతారు. ఒకే రాష్ట్రంలో అక్కడ మందు అయింది ఇక్కడ విషం ఎలా అవుతుంది? అక్కడ సొర చేప పెట్టే అలవాటు ఉంది. సొర లాంటి పెద్ద వేట చేపల్లో పాదరసం చేరుతుంది కాబట్టి గర్భిణులు, బాలింతలు దాని బదులు చిన్న చేపలు, శీలావతి, కొరమేను లాంటివి తినడం మంచిది. పెద్దవాళ్ళతో గొడవ పెట్టుకోమని నేను చెప్పను. అత్తగారినీ అమ్మనూ వెంటబెట్టుకుని ఏఎన్ఎమ్ దగ్గరకో డాక్టరు గారి దగ్గరకో తీసుకెళ్ళండి. ఆ మాట వాళ్ళ నోటి నుంచి వస్తే వింటారు. మా ఊళ్ళో అలాగే జరిగింది, పురిటికి వచ్చిన పిల్లకు వాళ్ళ నాయనమ్మే ముల్లు తీసి పెట్టింది.

ఆరు నెలలు దాటిన పసిబిడ్డలకు కూడా బాగా ఉడికించి, ముల్లు వేలితో తడిమి చూసి తీసేసి, మెత్తగా అన్నంలో పిసికి పెట్టొచ్చు. కారం లేకుండా ముందే ఒక ముక్క విడిగా ఉడికించండి. కొత్తగా పెట్టినప్పుడు కొంచెమే పెట్టి చూడండి. ఒంటి మీద దద్దుర్లు, వాపు, ఆయాసం వస్తే ఆపేసి డాక్టరుకు చూపించండి. కొందరికి చేప పడదు. అలాగే కిడ్నీ జబ్బు, కీళ్ళ దగ్గర యూరిక్ ఆమ్లం ఎక్కువ ఉన్నవాళ్ళు ఎంత తినాలో డాక్టరును అడిగే తినండి.

ఇంకో సంగతి. డబ్బుకు పొదుపు ఖాతా ఉంది గానీ మాంసకృత్తులకు మన ఒంట్లో పొదుపు ఖాతా లేదు. ఆదివారం నాలుగు ముక్కలు తిన్నామని బుధవారం దాకా దాచుకోలేం. ఎక్కువైంది కాలిపోతుంది, లేదంటే కొవ్వుగా మారుతుంది. కాబట్టి ఒకే మనిషి ఒకే పూట నాలుగు తినేకన్నా నలుగురూ ఒక్కోటి తినడమే ఆ ఇంటికి లాభం. ఇది వాటా కోసం చెప్పే మాట కాదు, లెక్క ప్రకారమే అంతే. మిగతా రోజుల్లో ఒక రోజు గుడ్డు, ఒక రోజు గట్టి పప్పు, ఒక రోజు శనగలు, ఒక రోజు గుప్పెడు ఎండు చేపలు. ఎండు చేపల్లో నీళ్ళు ఉండవు కాబట్టి 100 గ్రాముల్లో 50, 60 గ్రాముల దాకా మాంసకృత్తులే ఉంటాయి. వంకాయలో నాలుగు మెత్తళ్ళు వేసినా పనికొస్తుంది. ఉప్పు ఎక్కువ ఉంటుంది కాబట్టి వేడి నీళ్ళలో రెండుసార్లు కడగండి, కూరలో వేరే ఉప్పు తగ్గించండి. బీపీ ఉన్నవాళ్ళు వాటి జోలికి తక్కువ పోవాలి. బూజు పట్టినవి, ముక్క వాసన వచ్చేవి చవకగా వస్తున్నాయని కొనొద్దు.

పచ్చి చేప కొనేటప్పుడు కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి, లోపలికి గుంట పడకూడదు. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పైకి రావాలి. ఎక్కువ నూనెలో మాడ్చి వేపేకన్నా పులుసుగానో ఇగురుగానో వండుకోవడం మేలు. వేపుడు తినే రోజు ఒకే నూనె మళ్ళీ మళ్ళీ కాచకండి. కార్తీక మాసంలో, శ్రావణంలో, శనివారం తినని ఇళ్ళు చాలా ఉన్నాయి, మా ఇల్లూ అంతే. ఆ రోజుల్లో పప్పు గట్టిగా వండుకుందాం, పెరుగు మానకుందాం. మృగశిర కార్తె రోజు చేప తినాలని ఊరంతా ఎగబడతాం కదా. మిగతా 364 రోజులు కూడా మనవే.

చివరగా మన సమాఖ్య తరఫున చేయగలిగినవి కొన్ని ప్రతిపాదిస్తున్నాను. సభ్యులు చర్చించి తీర్మానం చేయాలని కోరుతున్నాను.

మొదటిది, ప్రతి గ్రామ సంఘం నెలలో ఒక మీటింగులో అప్పుల లెక్క అయ్యాక పళ్ళెం లెక్క కూడా మాట్లాడాలి. ఈ వారం నీ పళ్ళెంలో ముక్క పడిందా, గుడ్డు పడిందా, గట్టి పప్పు పడిందా అని ఒకరినొకరం అడగాలి. పుస్తకంలో రాయక్కర్లేదు. అడిగితే చాలు, మరుసటి వారం తిని వస్తారు.

రెండోది, సంఘాల్లో చేపలు అమ్ముకునే అక్కలను గుర్తించి అప్పుల్లో ముందు వరుసలో పెట్టాలి. ఐస్ పెట్టె, తూకం కాటా, కోసే బల్ల ఉంటే సాయంత్రానికి సరుకు పాడవదు, అయినకాడికి అమ్ముకునే బాధ తప్పుతుంది. చేపా ఐసూ సమానంగా వేస్తేనే సరుకు నిలుస్తుంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఆడవాళ్ళకు యూనిట్ ఖర్చులో 60 శాతం దాకా సబ్సిడీకి వీలు కల్పించారు. మత్స్యశాఖ వాళ్ళను ఒక సమావేశానికి పిలిచి, దరఖాస్తు ఎలా పెట్టాలో మన అక్కలకు నేరుగా చెప్పించాలి.

మూడోది, చెరువులు పాడుకున్న మత్స్యకార సంఘాల అన్నలతో మాట్లాడి, చెరువు పట్టిన రోజు ఆ ఊరి గర్భిణులకు, బాలింతలకు, అంగన్‌వాడీ పిల్లల ఇళ్ళకు చిన్న చేపలు మామూలు ధరకే ముందు అమ్మేలా ఒప్పించాలి. ఉచితంగా అడగొద్దు. వాళ్ళూ మనలాంటి కష్టజీవులే. పెద్ద చేప లారీ ఎక్కినా ఫర్వాలేదు, చిన్నది ఊళ్ళో ఉండాలి.

నాలుగోది ఎవరి అనుమతీ అక్కర్లేనిది. కూర వడ్డించే గరిటె మన చేతిలోనే ఉంది. కిలో చేప తెస్తే పది ముక్కలు అవుతాయి. ముందే లెక్కపెట్టి, ఇంట్లో ఉన్న మనుషులతో భాగించి, అందరి పళ్ళేల్లో ఒకేసారి వేసి, అందరం కలిసి కూర్చుని తిందాం. చివర తినేవాళ్ళకు గిన్నె అడుగే మిగులుతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ముందు ఆమెకు. ఎదిగే ఆడపిల్ల ఉంటే బాబుతో సమానంగా ఆమెకు. తర్వాత మిగతా అందరికీ. ఆ అందరిలో వండిన మనిషి కూడా ఉంది. ఇంట్లో మగవాళ్ళు తప్పు పడతారేమో అని భయపడకండి. చాలా ఇళ్ళలో వాళ్ళకు అసలు తెలియదు, మన పళ్ళెంలో ముక్క లేదని. చెప్పి చూడండి. అప్పు తెచ్చి ఇల్లు నడిపిన మనం, బ్యాంకు మెట్లెక్కి మేనేజరుతో మాట్లాడిన మనం, ఒక చేప ముక్క నాకూ కావాలి అని చెప్పుకోలేమా?

 ఈ రోజు భోజనాల్లో గుడ్డు కూర ఉందని విన్నాను. వడ్డించేవాళ్ళు కూడా ఒక్కో గుడ్డు ముందే పక్కన పెట్టుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.